చెయ్యి పడని బోణీ

ఏడూ ఇరవయ్యయిదు అయింది. ఈపాటికి మల్లేశ్వరరావు గారు మెయిన్ స్విచ్ పైకెత్తేసి ఉంటారు, ఎత్తేముందు కొబ్బరికాయ కొట్టి ఉంటారు, కాయ ఒక్క దెబ్బకి పగలకపోతే రెండో దెబ్బ వేసి, మొదటిది లెక్కలో లేనట్టు గోడకేసి చూసి ఉంటారు, అనుకుంది పద్మకుమారి, దామన్‌జోడిలో ఎక్కిన పొద్దుటి బండిలో, కిటికీ పక్కన, ఒళ్ళో చెల్లెలి కూతురికి కొన్న గౌను పొట్లం, పొట్లం మీద ఫోను, ఫోను మీద తన కుడిచెయ్యి. కొండలవతల సెమిలిగుడలో, ఆయన లారీ కంపెనీలో, లారీలు తూచే కాటా గదిలో, స్విచ్ ఎత్తగానే ముందు ఫ్యాను గుర్రుమంటుంది, తర్వాత పచ్చదీపం, తర్వాత నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు బారులు తీరతాయి. ఆ పెట్టెని, అంటే కంపెనీ సర్వర్‌ని, ఈ పూట ఎవరూ ముట్టుకోరు. ముట్టుకోకూడదు. ముట్టుకోకుండానే అది లేవాలి. నిన్న మధ్యాహ్నం పని చేస్తూ చేస్తూ దబ్బున పడిపోయిన మనిషి, పక్కన మంచినీళ్ళిచ్చే దిక్కు లేకుండా, తనంతట తానే కళ్ళు తెరిచి, ఒళ్ళంతా తడిమి చూసుకుని, దెబ్బ తగిలినచోట కట్టు కట్టుకుని పనిలోకి వెళ్ళినట్టు లేవాలి. లేస్తుంది. లేవక ఎక్కడికి పోతుంది, నేను కదా నేర్పింది, అనుకుని పద్మకుమారి ఎదురు సీట్లో ఆవిడ చూస్తున్నది కూడా గమనించుకోకుండా నవ్వేసింది.

విశ్వకర్మ పూజ నాడు ఆ కొండల్లో యంత్రమన్నది తిరగదు. మిగతా ఊళ్ళలో పూజ చేసి, ప్రసాదం పంచి, మర్నాడు మామూలుగా పనిలోకి దిగిపోతారు. మల్లేశ్వరరావు గారి కంపెనీలో అలా కాదు. వాళ్ళ నాన్నగారు బొబ్బిలి నుంచి ఒక్క లారీతో వచ్చినప్పుడు పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. హారతి తిరుగుతున్న యంత్రానికే ఇవ్వాలి, ఆపేసిన యంత్రానికి ఇవ్వకూడదు. హారతి అయ్యాక యజమాని తన చేత్తో, పసుపు రాసిన చేత్తో, మెయిన్ స్విచ్ దించాలి. మర్నాడు పొద్దున ఆ స్విచ్ ఎత్తేదీ ఆయనే, అది తప్ప అప్పటి నుంచి బోణీ లారీ కాటా దాటేదాకా ఏ యంత్రం మీదా మనిషి చెయ్యి పడకూడదు. లారీలకీ, జాకీలకీ, గ్రీజు పంపుకీ ఇది ఏ ఇబ్బందీ లేని ఆచారమే, డ్రైవరు స్టీరింగు పట్టుకోవడం మాత్రం చెయ్యి పడటం కిందికి రాదట, అది వాహనం కాబట్టి. తొంభై ఏడులో కాటా గదిలోకి కంప్యూటరు వచ్చినప్పుడు ఆయన దాన్ని చుట్టూ తిరిగి చూసి, ఇదీ యంత్రమే, అని తేల్చేశారు. కరెంటు పోయినా కాసేపు నిలబెట్టే యూపీఎస్‌ని చూసి, ఇదీ యంత్రమే, అని దానికీ బొట్టు పెట్టి దాని స్విచ్చి కూడా దించేశారు. "ముందు నాను సక్కగా మూసేస్తాను బాబుగారూ, తరవాత మీరు స్విచ్ దించండి" అని ఆ పెట్టెని చూసుకునే పద్మకుమారి ప్రతి ఏడూ బతిమాలేది. "నువ్వే పడుకోబెట్టేస్తే ఇంక సామి ఏటి పడుకోబెడతాడమ్మీ?" అనేవారాయన, ఎంతో ప్రేమగా.

బండి సొరంగంలోకి దూరింది. పెట్టెలో పిల్లలందరూ ఒక్కసారి ఓ... అని కేకేశారు, ఈ కోరాపుట్ రాయగడ లైనులో అదొక మొక్కు, కేకెయ్యకపోతే సొరంగం మింగేస్తుందని. ఫోను మీద గీతలు ఒక్కొక్కటే చచ్చిపోయాయి. ఒకటి, రెండు, మూడు, అని పద్మకుమారి లెక్కపెట్టసాగింది, అక్కడ ఇప్పుడు మొదటి డిస్కు నడుస్తూ ఉంటుంది, చిన్నది, యంత్రం తన బుద్ధి దాచుకున్నది, దానికి నాలుగు నిమిషాలు. డిస్కంటే ఏముంది, పెద్ద బీరువా. ఏ కాయితం ఏ అరలో ఉందో రాసుకున్న చిట్టా ఒకటి, కాయితాలున్న అరలు కొన్ని. రాస్తూ రాస్తూ ఉండగా కరెంటు లాగేస్తే చిట్టాలో ఒకటుంటుంది, అరలో ఇంకొకటుంటుంది. లేచేటప్పుడు యంత్రం చిట్టానీ అరల్నీ పక్కపక్కన పెట్టుకుని సరిచూసుకోవాలి, తేడా వస్తే దిద్దుకోవాలి, అప్పుడే తలుపు తెరవాలి. ఇంత చిన్న సంగతి. ఇంత చిన్న సంగతి తనకి తెలియడానికి ఎనిమిదేళ్ళు పట్టింది, ఒక మనిషి కాలు పోవలసి వచ్చింది. నలభై మూడు, నలభై నాలుగు, వెలుతురు, కిటికీ నిండా ఒక్కసారి పచ్చగా పసుపుగా వలిసెపూల చేను.

కాలు పూర్తిగా పోలేదులే, డ్రైవరు లక్ష్మణుడు ఇప్పుడు కుంటుతూ అయినా నడుస్తున్నాడు, లారీ ఎక్కుతున్నాడు. కిందటేడు, సరిగ్గా ఇదే పొద్దున. స్విచ్ ఎత్తారు, పచ్చదీపం వెలిగింది, సగం లేచింది, ఆగిపోయింది. నల్లటి తెర మీద ఒక్క ముక్క, నా వల్ల కాలేదు, యజమాని పాస్‌వర్డ్ ఇవ్వండి, చేత్తో బాగుచెయ్యండి, అని. చేత్తో అట. బయట కాటా దగ్గర నుంచి బస్టాండు దాకా ముప్ఫై లారీలు, బంతిపూల దండలు వేసుకుని, హారన్లు కొట్టుకుంటూ. కాటా చీటీ లేనిదే ఘాటు రోడ్డు దగ్గర గేటు తియ్యరు, యంత్రం లేవనిదే చీటీ రాదు, చెయ్యి పడనిదే యంత్రం లేవదు, బోణీ కానిదే చెయ్యి పడకూడదు. ఎనిమిదిన్నర దాకా చూసింది. అప్పుడు కుర్చీ లాక్కుని కూచుని కీబోర్డు మీద చెయ్యి పెట్టింది. ఇక్కడ తేడా ఉంది, దిద్దమంటావా, అని అది అడగడం, ఊ అని తను నొక్కడం, ఇక్కడ కూడా ఉంది, దిద్దమంటావా, ఊ. నూటపన్నెండుసార్లు ఊ కొట్టింది, లెక్క గుర్తుంది, ప్రతి నొక్కుకీ కీబోర్డు మీద ఆరిపోయిన కుంకం వేలికి అంటుకుంటూ వచ్చింది. తలెత్తి చూస్తే గుమ్మంలో మల్లేశ్వరరావు గారు, చేతిలో ఆరిపోయిన హారతి పళ్ళెం. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

తొమ్మిదోనాడు ఘాటు రోడ్డు మూడో మలుపులో లక్ష్మణుడి లారీ పక్కకి ఒరిగిపోయింది. బ్రేకు షూలు అరిగిపోయాయని ఫిట్టరు జూలైలోనే చెప్పాడు, ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. టీకొట్టు దగ్గర, టైర్ల దుకాణం దగ్గర, బస్టాండులో, అందరికీ గుర్తొచ్చింది ఒకటే, ఆ అమ్మి సెయ్యెట్టింది కదా, బోణీ కాకముందే సెయ్యెట్టింది కదా. పద్మకుమారి ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది, గ్లాసులో పోసి ఇచ్చింది, లక్ష్మణుడు పెద్దవాడు, యాభై దాటినవాడు, ఎప్పుడూ అమ్మీ అని నోరారా పిలిచేవాడు, గ్లాసు అందుకుని పక్కన పెట్టేసి ఆ గ్లాసు ఇచ్చిన చేతికేసి చూశాడు. తను ఉన్నంతసేపూ తాగలేదు. తిరిగి వస్తూ ఆటోలో ఏడ్చింది, ఇంటికెళ్ళి చెయ్యి కడుక్కుని మళ్ళీ ఏడ్చింది, చెయ్యి కడుక్కున్నందుకు. ఆ తర్వాత కంపెనీలో కొత్త లారీ ఏది వచ్చినా పూజవేళకి ఎవరో ఒకరు వచ్చి, "నువ్వు లోపలుండమ్మీ, బయట ఎండగా ఉన్నాది" అనేవారు. నవంబరులో సెమిలిగుడలో ఎండ! పొద్దున తొమ్మిదైనా మంచు విడవని ఊళ్ళో, శాలువాలు కప్పుకుని, ఎండగా ఉన్నాదట.

కాకిరిగుమ్మ స్టేషన్లో బండి ఆగింది. ఫోను చూసుకుంది, ఒక్క గీత, మోగలేదు. మోగకూడదు కూడా, ఇంకా ఏడూ నలభై. కాటా ఆపరేటరు త్రినాథరావుతో ఒప్పందం అది, యంత్రం లేచి బోణీ లారీ దాటితే ఒక్క మిస్‌డ్ కాల్, మధ్యలో ఆగిపోతే రెండు. ఒకటి మోగితే రాయగడ వెళ్ళి చెల్లెలు ప్రవీణ కూతుర్ని ఉయ్యాల్లో వేస్తుంది. రెండు మోగితే ఎక్కడుంటే అక్కడ దిగి, ఎదురొచ్చే ఏ లారీనో ఎక్కి వెనక్కి వెళ్ళాలి, వెళ్ళి అందరూ చూస్తుండగా మళ్ళీ ఆ కుర్చీలో కూచోవాలి, మళ్ళీ ఈ చెయ్యి పెట్టాలి. అంతకంటే చచ్చిపోవడం నయం, కాదు కాదు, బాలసారెకి వెళ్తూ ఏమిటా మాటలు. ఈ పూట ఊళ్ళో ఉండకపోవడం తనే పెట్టుకున్న నియమం. మనిషి ఊళ్ళో ఉంటే, యంత్రం దానంతటది లేచినా, ఎవరూ చూడకుండా పెరటి గుమ్మంలోంచి వచ్చి ముట్టుకుందనేవాళ్ళుంటారు. అరవై డెబ్భై కిలోమీటర్ల అవతల, సొరంగాల్లో, రైల్లో ఉంటే ఇంక ఏ చెయ్యి పెడుతుంది. ఏ చేత్తో పెడుతుంది.

ఆ సున్నా కనిపించిన రోజు గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. జనవరి, చేతులకి ఉన్ని తొడుగులు, కాటా గదిలో తనొక్కతే. యంత్రం లేవగానే చదువుకునే జాబితా ఒకటుంది, డిస్కుకొక వరస, వరసకి ఆరు గడులు. అయిదు గడులు అందరూ చూస్తారు, ఆరో గడి ఎవరూ చూడరు. అందులో ఒకటని ఉంటే ఆ డిస్కుని ముందు సరిచూడు అని, రెండని ఉంటే తర్వాత సరిచూడు అని, సున్నా ఉంటే దీని జోలికే పోకు అని. చిన్న డిస్కుకి ఒకటి ఉంది. కాటా లెక్కలన్నీ ఉన్న పెద్ద డిస్కుకి సున్నా ఉంది. రెండువేలలో ఈ సర్వర్‌ని బిగించి వెళ్ళిన విశాఖపట్నం ఆయన, త్వరగా లేస్తుందమ్మా, అని చెప్పి మురిసిపోయిన త్వరకి అర్థం ఇది. అయిదేళ్ళు, అయిదు పూజలు, వానాకాలమంతా పోతూ వస్తూ ఉండే కరెంటు, అన్ని దెబ్బలూ ఆ డిస్కు తిని, ఒక్కనాడూ ఎవరూ ఏమైందని అడగక, లోపల్లోపల పుండు పడి, కిందటేడు ఇంక మొయ్యలేనని చేతులెత్తేసింది. పద్మకుమారి తొడుగు తీసేసి సున్నా చెరిపి రెండు వేసింది. ఒక్క అంకె. తర్వాత ఇంకో చిన్న కాయితంలో రెండు ముక్కలు రాసింది, అర్ధాంతరంగా పడిపోయి లేస్తే ఎవర్నీ అడక్కుండా మొత్తం సరిచూసుకో, తేడా కనిపిస్తే అడక్కుండా దిద్దుకో. నూటపన్నెండు ఊలూ ఒక్కసారే ముందుగా కొట్టి పెట్టేసినట్టు.

రాసినంత మాత్రాన అవుతుందా. కంపెనీ మూలన పడేసిన పాత పెట్టెని అడిగి ఇంటికి తెచ్చుకుంది, వంటింట్లో బియ్యం డబ్బా పక్కన పెట్టింది, దానికీ అదే జాబితా, అవే రెండు ముక్కలు, కాటా లెక్కల నకలు. అది గబగబా ఏదో రాసుకుంటూ ఉండగా ప్లగ్గు లాగేసేది. మళ్ళీ పెట్టేది. లాగేసేది. పప్పు ఉడుకుతుండగా ఒకసారి, తిరగమోత వేస్తూ ఒకసారి. మొదటి నాలుగుసార్లూ లేవలేదు, అయిదోసారి లేచింది, ఆరోసారి లేచింది గానీ కొన్ని చీటీలు ఊరూ పేరూ లేకుండా వేరే అరలో పడి ఉన్నాయి, వాటిని పోల్చుకోవడానికి ఇంకో వారం పట్టింది. ఇంటాయన టౌన్‌షిప్పులో ఎలక్ట్రీషియను, ఇంటికి వచ్చినప్పుడల్లా గుమ్మంలో నిలబడి, "ఇంకా ఎన్నిసార్లు సంపుతావే దాన్ని?" అనేవాడు. "అది సావడం మానేదాకా" అనేది. నలభై ఒక్కసారి చంపింది. చివరి ముప్ఫైసార్లూ వరసగా, ఒక్కటి తప్పకుండా, బియ్యం డబ్బా పక్కన, ఎవరూ ముట్టుకోకుండా, లేచి కూచుంది. ముప్ఫయ్యోసారి ఇంటాయనే దానికి బొట్టు పెట్టాడు.

"దిగేది ఎక్కడ?" అని ఎదురు సీటావిడ దేశియాలో అడిగింది, బుట్టెడు అల్లం కాళ్ళ దగ్గర పెట్టుకుని. రాయగడ, అంది పద్మకుమారి అదే భాషలో, పదేళ్ళ కాపురంలో అబ్బినంత. ఫోను అలా పట్టుకున్నావేం, ఎవరికన్నా ఒంట్లో బాగోలేదా, అందావిడ. ఏం చెప్తుంది, ఒక పెట్టె నిద్ర లేస్తోందని చెప్తుందా. మా ఇంట్లో ఒకళ్ళకి దెబ్బ తగిలింది, ఇవాళ తనంతట తను లేచి నడుస్తుందేమోనని, అంది. లేస్తుందిలే, అని ఆవిడ ఒక అల్లం కొమ్ము తీసి చేతిలో పెట్టింది. కుడిచేతిలో. ఇంటాయనా త్రినాథరావూ కాక, ఏడాది తర్వాత ఒక మనిషి ఈ చేతిని చూసి జంకకుండా ఏదైనా పెట్టడం ఇదే, అనిపించి పద్మకుమారికి కళ్ళు చెమ్మగిల్లాయి, ఆవిడకి తెలియదు కదా, తెలిస్తే పెట్టేదా, పెట్టేదేమో, ఇలాంటివాళ్ళు పెడతారు.

అప్పుడు పెద్ద సొరంగం వచ్చింది. పిల్లలు కేకేశారు, కేక అయిపోయింది, సొరంగం అవలేదు. చీకట్లో ఉన్నట్టుండి కీబోర్డు గుర్తొచ్చింది. పూజలో కీబోర్డు మీద కుంకం, అక్షింతలు, తీర్థం పడతాయి, ఏదో ఒక మీట అతుక్కుపోతుంది, లేచేటప్పుడు ఎవరో నొక్కుతున్నారనుకుని యంత్రం తికమకపడుతుంది. అందుకని మొన్న సాయంత్రమే అసలు కీబోర్డు తీసేసి బీరువాలో పెట్టి తాళం వేసింది, తాళంచెవి మల్లేశ్వరరావు గారి చేతికే ఇచ్చింది. చీటీలకి కీబోర్డు అక్కర్లేదు, డ్రైవరు తన కార్డు చూపించి లారీ కాటా ఎక్కిస్తే చీటీ దానంతటదే వస్తుంది. "కీబోర్డు లేకండా హారతేటమ్మీ, సెయ్యి నేని విగ్రహంలాగ?" అని ఆయన మొహం ముడుచుకుంటే, తీగ తెగిన పాత కీబోర్డు ఒకటి తెచ్చి ముందు పెట్టింది, దాని మీద ఎంత కుంకమైనా పోసుకోండి బాబుగారూ, అని. ఆయన ముచ్చటపడి ప్రతి మీటకీ బొట్టు పెట్టారు. అంతవరకు బాగానే ఉంది. కానీ అసలు కీబోర్డు లేకపోతే ఈ యంత్రాలకి పుట్టుకతో ఒక పిచ్చి ఉంది, కీబోర్డు కనిపించడం లేదు, కొనసాగాలంటే మీట నొక్కండి, అని ఆగిపోతాయి. లేని కీబోర్డు మీద మీట నొక్కాలట! ఆ పిచ్చి మాన్పడానికి లోపల ఒక చోట, దేనికీ ఆగకు, అని పెట్టాలి. పెట్టింది. పెట్టి భద్రపరిచిందా? బయటికి వచ్చేటప్పుడు, ఉంచమంటావా వద్దా, అని అడుగుతుంది, ఉంచు అందా? అప్పుడే త్రినాథరావు టీ తెచ్చాడు, టీ అందుకుంది, అందుకుని... అరవై, అరవై ఒకటి, చెమట పట్టింది, సొరంగం గోడల నీళ్ళ వాసన, అందుకుని గ్లాసు బల్ల మీద పెట్టి, ఉంచు అనే మీట నొక్కి, గ్లాసు మళ్ళీ తీసుకుంది. అవును. గ్లాసు కాలింది. ఎడమచేతికి మార్చుకుంది. కుడిచేత్తో నొక్కింది కాబట్టే ఎడమచేతికి మారిన గ్లాసు. ఆ తర్వాత ఒకసారి కీబోర్డు లేకుండానే లేపి కూడా చూసింది కదా, పిచ్చిదానా, నీ కళ్ళారా చూశావు కదా. తొంభై రెండు, తొంభై మూడు, పద్మకుమారి చీకట్లో గట్టిగా ఊపిరి వదిలింది, వెలుతురు వచ్చేసరికి అరచేతిలో అల్లం కొమ్ము నలిగి గుప్పుమంటోంది.

ఇంక భయం లేదు, అనుకుంది. భయం లేదనుకున్నాక మనసు ఎటు పడితే అటు వెళ్ళింది. పెద్ద డిస్కు ఇప్పుడు సగం దాటి ఉంటుంది, ముప్ఫై ఎనిమిది నిమిషాలు పడుతుంది దానికి, సగం దాటాక అంకె నెమ్మదిగా కదులుతుంది, గది బయట ఎవరో ఒకరు, ఇంకా లెగలేదేటి, అంటారు, త్రినాథరావు గోడ మీద తను అంటించిన కాయితం చూసి చదువుతాడు, ఎనిమిదీ పది దాకా ఎవరూ గాబరాపడొద్దు, అని పెద్దక్షరాల్లో రాసింది. కాయితం అంటించిన రోజే మల్లేశ్వరరావు గారితో అన్నది, "లెగిస్తే నా సెయ్యి లేకండా లెగిసినట్టు బాబుగారూ. లెగవకపోతే తాళాలూ పాస్‌వర్డూ మీ బల్ల మీద పెట్టీసి ఎల్లిపోతాను, మళ్ళీ ఆ గదిలో కాలు పెట్టను." ఆయన చాలాసేపు ఆ కాయితాన్నే చూశారు. "నాను నిన్నేటీ అనలేదు కదమ్మీ" అన్నారు. అననే లేదు, నిజం, అదే కదా బాధ. ఏడాదిపాటు ఎవరూ ఏమీ అనలేదు, ఎండగా ఉందన్నారు, అంతే.

లక్ష్మీపూర్ రోడ్. ఎనిమిదీ రెండు. గీతలు రెండు. మోగలేదు. మళ్ళీ సొరంగం, మళ్ళీ కేక, ఈసారి అల్లం ఆవిడ కూడా పిల్లలతో కలిసి కేకేసింది. ఎనిమిదీ పది, సొరంగం. ఎనిమిదీ పన్నెండు, లోయ, కింద ఎక్కడో సన్నగా ఏరు, గీతల్లేవు. ఎనిమిదీ పదిహేను. సొరంగంలో ఉండగా మోగి ఉంటే? మిస్‌డ్ కాల్ సొరంగంలోకి రాదు, వచ్చిందని తర్వాతైనా చెప్పదు. ఒకటి మోగిందో రెండు మోగాయో, అసలు మోగాయో లేదో ఎవరు చెప్తారు. ఇంత ఆలోచించి, నలభై ఒక్కసారి ప్లగ్గు లాగి, లేని కీబోర్డుక్కూడా జవాబు ఆలోచించి, సొరంగాల్లో ఫోను పనిచెయ్యదన్న సంగతి ఆలోచించలేదు! పద్మకుమారికి తన మీద తనకే నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది, ఫోను కిటికీ ఊచల్లోంచి బయటికి పెట్టి పట్టుకుంది, గాలికి చెయ్యి కొట్టుకుంటోంది, పడితే పోతుంది, పోనీ, ఈ చెయ్యి దేన్నీ వదలదు, వదిలే చెయ్యి కాదిది.

టికిరిలో బండి ఆగీ ఆగకముందే మోగింది. ఒకటి. చూపు తిప్పకుండా చూసింది. ఆగలేదు, రెండు. ఆగలేదు, మూడు, నాలుగు, మోగుతూనే ఉంది, మిస్‌డ్ కాల్ కాదిది, పిలుపు, ఫోన్లో పైసా ఖర్చుపెట్టని త్రినాథరావు నిజంగా ఫోను చేస్తున్నాడు. పచ్చమీట నొక్కి చెవికి పెట్టుకుంది. త్రినాథరావు గొంతు లేదు. గర్ర్... గర్ర్... గర్ర్... ఏమిటిది, రైలా, గాలా, కాదు, తెలుసు, ఇది తెలుసు, ఎనిమిదేళ్ళు తన చెవి పక్కనే మోగిన చప్పుడు, కాటా చీటీ ప్రింటరు, సూదులు కాయితాన్ని పొడుస్తూ వరస వరసకీ వెనక్కి వచ్చి మళ్ళీ వెళ్ళే చప్పుడు, లారీ నంబరు ఒక వరస, డ్రైవరు పేరు ఒక వరస, బరువు ఒక వరస, త్రినాథరావు ఫోనుని ప్రింటరు మూతి దగ్గర పెట్టి పట్టుకున్నాడు. చివర్న కాయితం చింపిన చప్పుడు పర్రుమని. "ఇన్నావా సెల్లీ?" అన్నాడప్పుడు. "ఎనిమిదీ తొమ్మిదికల్లా లెగిసిపోయింది. అప్పట్నించీ నీకు కొడతానే ఉన్నాను, అందవేటి? ఎవలూ సెయ్యెట్టలేదు. మీద ఈగ కూడా వాలలేదు."

"ఎవరి లారీ అన్నయ్యా బోణీ?" అంది. అవతల ఫోను చేతులు మారింది, ఎవరో దగ్గారు. "అమ్మీ, నాను, లక్ష్మణుణ్ణి" అన్నాడు. ఏడాది తర్వాత అమ్మీ అన్నాడు. "బోణీ నాదే. బాబుగారు నన్నే ఎల్లమన్నారు. కాటా దాటీసేను, సీటీ సేతిలో ఉన్నాది." అవతల హారన్లు, బంతిపూల దండల వెనక ముప్ఫై లారీల హారన్లు అక్కడి నుంచి ఇక్కడిదాకా. "ఆ యేళ నువ్విచ్చిన కాఫీ నాను తాగలేదమ్మీ" అన్నాడు. "నాకు తెలుసు బాబాయ్" అంది. "రేపు వస్తావు కదా, వచ్చి నీ సేత్తో పొయ్యి. తాగుతాను" అన్నాడు. వెనకాల మల్లేశ్వరరావు గారి గొంతు పెద్దగా, "బీరువా తాళంసెవి నా దగ్గరే ఉన్నాదని సెప్పు, తనే వచ్చి తీసుకోవాలని సెప్పు, ఇంకెవల సేతికీ ఇవ్వనని సెప్పు" అంటోంది. చెప్పక్కర్లేదు, వినిపిస్తోంది, పెట్టెలో అందరికీ వినిపిస్తోంది.

లేచి నడిచారా మీవాళ్ళు, అంది అల్లం ఆవిడ. లేచి పనిలోకి కూడా వెళ్ళిపోయారు, అంది పద్మకుమారి, ఏడుస్తూ నవ్వుతూ, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని. బండి కదిలింది. ముందు ఇంకా సొరంగాలున్నాయి, శిఖర్‌పాయి ఉంది, రాయగడ స్టేషన్లో చంకలో పసిదాన్నేసుకుని ప్రవీణ ఉంటుంది, వచ్చేవా అక్కా, నీ మిషను ఒగ్గీసి నిజంగా వచ్చేవా, అంటుంది, ఎందుకంటే ప్రవీణ పెళ్ళినాటి పొద్దున కూడా కరెంటు పోయింది, తాళి కట్టేశాక గంటకి గానీ అక్క రాలేదు. పసిదాన్ని ఉయ్యాల్లో పెద్దమ్మే వెయ్యాలని పట్టుబట్టి కూచుంది. వేస్తాను, ఈ చేత్తో వేస్తాను, అనుకుంది. చీకటి వచ్చి మీద పడగానే అందరికంటే ముందు, పిల్లలకంటే ముందు, ముప్ఫై అయిదేళ్ళ పద్మకుమారి కిటికీలోంచి మొహం బయటికి పెట్టి సొరంగం మారుమోగేలా ఓ... అని కేకేసింది.